పులిరాజా ప్రశ్నకు మనం చెప్పని జవాబు



మీరు తెలుగునాట పెరిగి, ఇప్పుడు ముప్పై అయిదేళ్లు దాటినవారైతే ఒక ప్రశ్న మీకు తప్పక గుర్తుండి ఉంటుంది: "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" 2000 తరువాతి తొలి సంవత్సరాల్లో ఈ ఒక్క వాక్యం ఉమ్మడి రాష్ట్రమంతటా హోర్డింగుల మీద ప్రత్యక్షమైంది. పులిరాజా ఎవరో, ఆ ప్రశ్న అడుగుతున్నది ఎవరో మొదట ఎవరికీ తెలియలేదు. ఏదో కొత్త సినిమా ప్రకటన అనుకున్నవారు కూడా ఉన్నారు. అది ఎయిడ్స్ నివారణ ప్రచారమని తరువాత తేలింది. అప్పటికే ఆ మాట బడిపిల్లల నోళ్లలో నానుతున్నది.

ప్రచారం దృష్టితో చూస్తే అంత విజయవంతమైన ప్రశ్న మరొకటి లేదు. కానీ ప్రశ్న పాకినంత వేగంగా జవాబు పాకిందా? మన కౌమార బాలబాలికలకు ఈ నలభై ఏళ్లలో మనం ఏమి చెప్పాం, ఏమి దాచాం, దాని ఫలితం ఏమైంది? విజయవాడలోను, కృష్ణా డెల్టా గ్రామాలలోను నా ఉద్యోగ జీవితంలో అధిక భాగం గడిపిన వైద్యుడిగా ఆ చరిత్రను మీ ముందుంచుతున్నాను. ఇందులో నా పొరపాటు కూడా ఒకటి ఉంది. దానినీ దాచను.

వ్యాధి మన గుమ్మం దాకా వచ్చిన వైనం

1981 జూన్ 5న అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం లాస్ ఏంజెలెస్‌లోని అయిదుగురు యువకులలో కనబడిన ఒక అరుదైన ఊపిరితిత్తుల వ్యాధి గురించి చిన్న నివేదిక ప్రచురించింది. ఎయిడ్స్ చరిత్రలో అదే మొదటి పుట. 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఫ్రాంస్వాజ్ బారె సినూసీ, లుక్ మోంటాన్యే బృందం దీనికి కారణమైన వైరస్‌ను వేరుచేసింది. 2008లో వారిద్దరికీ నోబెల్ బహుమతి లభించింది. 1985లో రక్తంలో ఈ వైరస్ జాడను పట్టే ఎలీసా పరీక్ష అందుబాటులోకి వచ్చింది.

అదే 1985లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో రయన్ వైట్ అనే బాలుణ్ని బడికి రానివ్వలేదు. హీమోఫీలియాతో బాధపడే ఆ పిల్లవాడికి చికిత్సలో భాగంగా ఇచ్చిన రక్త ఉత్పత్తుల ద్వారా హెచ్‌ఐవీ సోకింది. చదువుకునే హక్కు కోసం అతడు, అతడి తల్లి న్యాయస్థానానికి వెళ్లి గెలిచారు. 1990 ఏప్రిల్‌లో, పద్దెనిమిదో ఏట, అతడు మరణించాడు. ఈ వ్యాధి గురించి లోకానికి బోధించిన తొలి గురువులలో ఒకడు కౌమార వయస్కుడే అన్న సంగతిని మనం మరచిపోకూడదు.

మన దేశంలో "ఇది పాశ్చాత్యుల జబ్బు, మనకు రాదు" అని పెద్దలు ధీమాగా చెప్పుకుంటున్న రోజులవి. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సాల్మన్ మార్గదర్శకత్వంలో సెల్లప్పన్ నిర్మల అనే యువ విద్యార్థిని సెక్స్ వర్కర్ల రక్త నమూనాలు సేకరించింది. వాటిని వెల్లూరులో పరీక్షించగా కొన్నింటిలో వైరస్ బయటపడింది. మద్రాసులో ఎక్కిన మనిషి తెల్లవారేసరికి బెజవాడలో దిగుతాడు. వైరస్‌కు టిక్కెట్టు అక్కరలేదు.

డెల్టాకే ఎందుకు ఇంత భారం?

విజయవాడ దేశంలోని అతి పెద్ద రైల్వే కూడళ్లలో ఒకటి. కలకత్తా నుంచి మద్రాసుకు పోయే జాతీయ రహదారి, హైదరాబాదు నుంచి బందరుకు పోయే రహదారి ఇక్కడే కలుస్తాయి. ఆటోనగర్‌కు నలుమూలల నుంచి లారీలు మరమ్మతుకు వస్తాయి. కాటన్ దొర కాలంలో 1855 నాటికి పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ ఈ నేలను అన్నపూర్ణగా మార్చాయి. పంట ఉన్నచోట రాకపోకలు ఉంటాయి, నాట్లకూ కోతలకూ వలస కూలీలు వస్తారు, చేతిలో డబ్బు ఆడుతుంది. ఇంటికి దూరంగా నెలల తరబడి గడిపే మగవాడు, పేదరికం వల్ల శరీరాన్ని అమ్ముకోవలసి వచ్చిన స్త్రీ, ఏమీ తెలియక ఇంట్లో ఎదురుచూసే భార్య: ఈ మూడు బిందువుల మధ్యనే వైరస్ ప్రయాణించింది. దీనికి కులం లేదు, ఊరి పరువు లేదు.

రక్తం మరొక దారి. దాతల రక్తానికి హెచ్‌ఐవీ పరీక్ష 1989లో తప్పనిసరి అయింది. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు మేరకు 1998 జనవరి 1 నుంచి డబ్బు కోసం రక్తం అమ్ముకునే పద్ధతి నిషిద్ధమైంది. నేటి యువతకు ఇవి పాత కబుర్లుగా తోచవచ్చు. ఆపరేషన్‌కు రక్తం కావాలంటే ఆసుపత్రి గేటు దగ్గర బేరం కుదిరే రోజులు నేను కళ్లారా చూశాను.

భయమే పాఠమైన దశకం

1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడింది, నియంత్రణ కార్యక్రమపు మొదటి దశ మొదలైంది. అప్పటికి చేతిలో సరైన మందు లేదు. కనుక ప్రచారమంతా భయం మీదనే నడిచింది. పుర్రె బొమ్మలు, అస్థిపంజరాలు, "ఎయిడ్స్ అంటే మరణం" అన్న నినాదాలు గోడలకెక్కాయి. భయపెడితే యువకులు దారిలో ఉంటారని మేమంతా నమ్మాం.

భయం మొదట పనిచేసింది ఎవరి మీదనో చెబుతాను. తొంభైల మధ్యలో నేను పనిచేసిన ఒక ఆసుపత్రికి పద్దెనిమిదేళ్ల లారీ క్లీనర్‌ను తీసుకువచ్చారు. పరీక్షలో హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలింది. గంట తిరగకుండా అతడి మంచం వార్డులోంచి వరండాలోకి చేరింది. కేసుషీటు మీద ఎర్ర సిరాతో రాసిన అక్షరాలు దారిన పోయేవారికి సైతం కనబడేవి. భోజనం పళ్లెం దూరం నుంచి నేల మీద తోసేవారు. చదువుకున్నవాళ్లం, తెల్లకోటు వేసుకున్నవాళ్లం మేమే అలా ప్రవర్తిస్తే, ఊళ్లో పదో తరగతి కుర్రవాడు ఏమి నేర్చుకుంటాడు? జబ్బు బయటపడడం కన్నా చావడమే మేలని నేర్చుకుంటాడు. పరీక్షకు రాడు. పరీక్షకు రానివాడికి తన సంగతి తెలియదు. తెలియనివాడి నుంచి వైరస్ మరొకరికి చేరుతుంది. ఆ విధంగా భయం వ్యాధికి మిత్రుడయింది.

అయితే మన విజయవాడలో వేరొక గొంతు కూడా వినిపిస్తూ ఉండేదని చెప్పకపోతే అన్యాయం చేసినవాడినవుతాను. గోరాగా ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారు 1940లో ముదునూరులో స్థాపించిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడకు తరలింది. ఆయన కుమారుడు డాక్టర్ సమరం స్వాతి వారపత్రికలోను, ఇతర పత్రికలలోను లైంగిక ఆరోగ్యంపై పాఠకుల ప్రశ్నలకు దశాబ్దాల తరబడి జవాబులు రాశారు. ఆ పేజీలను ఇంట్లో పెద్దలు పిల్లలకు కనబడకుండా దాచేవారు, పిల్లలు పెద్దలకు కనబడకుండా చదివేవారు. ఆ ఇంటి ఆడపడుచు, విజయవాడ పార్లమెంటు సభ్యురాలిగా పనిచేసిన చెన్నుపాటి విద్యగారు 1969లో ప్రారంభించిన వాసవ్య మహిళా మండలి, తరువాతి కాలంలో హెచ్‌ఐవీ సోకిన కుటుంబాలకు, వారి పిల్లలకు అండగా నిలిచింది. నాస్తికత్వంతో మీరు ఏకీభవించినా, ఏకీభవించకపోయినా, సిగ్గుపడకుండా ప్రశ్నించవచ్చునని ఈ ఊరికి నేర్పినవారు వీరని అంగీకరించాలి.

గుంటూరు చెప్పిన లెక్క

2000 తరువాత ఆంధ్రప్రదేశ్ పేరు హెచ్‌ఐవీ అధికంగా ఉన్న రాష్ట్రాల జాబితాలో ముందువరుసకు చేరింది. అప్పటి అంచనాలు ముఖ్యంగా ప్రభుత్వ ఆసుపత్రులకు వచ్చే గర్భిణులు, సుఖవ్యాధుల రోగుల రక్తపరీక్షల మీద ఆధారపడేవి. 2004-05లో డాక్టర్ లలిత్ దండోనా బృందం కృష్ణకు ఆవలి గట్టున ఉన్న గుంటూరు జిల్లాలో వేరొక పద్ధతిని అనుసరించింది. ఇళ్ల నుంచే ఎంపిక చేసిన దాదాపు 12,600 మందిని, 15 నుంచి 49 ఏళ్లవారిని, పరీక్షించింది. సుమారు 1.72 శాతం మందిలో వైరస్ ఉన్నట్టు లెక్క తేలింది. అది చిన్న సంఖ్య కాదు. అయినా ఆసుపత్రి లెక్కల ప్రకారం వేసిన అంచనా దానికి రెండు రెట్లకు మించి ఉంది! పేదలు, ప్రైవేటు వైద్యులు పంపించివేసిన హెచ్‌ఐవీ రోగులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఎక్కువగా చేరడమే దానికి ప్రధాన కారణం.

2005-06లో జరిగిన మూడవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా ఇళ్ల వద్దనే రక్తం సేకరించి, ఆంధ్రప్రదేశ్ వయోజనులలో 0.97 శాతం మందికి హెచ్‌ఐవీ ఉన్నట్టు చెప్పింది. దేశ సగటు 0.28 శాతం. ఈ కొత్త ఆధారాలతో 2007లో దేశంలోని మొత్తం బాధితుల అంచనా 50 లక్షల పైనుంచి దాదాపు 25 లక్షలకు తగ్గింది. లెక్క తగ్గింది కాని మన స్థానం తగ్గలేదు. 2021 అంచనాల ప్రకారం కూడా ఆంధ్రప్రదేశ్‌లో వయోజనులలో 0.67 శాతం మందికి హెచ్‌ఐవీ ఉంది. దేశ సగటు 0.21 శాతం.

తరగతి గది తలుపు దగ్గర

బడిలో ఈ పాఠం చెప్పాలా, వద్దా అన్న వివాదం పాతది. 2005లో కేంద్ర ప్రభుత్వం 9, 11 తరగతుల విద్యార్థుల కోసం కౌమార విద్యా కార్యక్రమాన్ని చేపట్టింది. మొత్తం బోధన 16 గంటలు. 2007 నాటికి మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాలు బొమ్మలు అసభ్యంగా ఉన్నాయని, సంస్కృతికి విరుద్ధమని దానిని నిలిపివేశాయి. మన తెలుగువారైన వెంకయ్య నాయుడుగారి అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల సంఘం 2009లో ఇచ్చిన నివేదిక, పాఠశాలల్లో లైంగిక విద్య ఉండరాదని సిఫారసు చేసింది. చెబితే పిల్లలు చెడిపోతారన్నది ఒక పక్షం, చెప్పకపోతే ప్రమాదంలో పడతారన్నది మరొక పక్షం. నేను రెండో పక్షంవాడిని. ఎందుకో నా అనుభవమే చెబుతుంది.

2005 ప్రాంతంలో దివిసీమలోని ఒక ఉన్నత పాఠశాలకు ఎయిడ్స్‌పై ఉపన్యసించడానికి వెళ్లాను. చిక్కి శల్యమైన రోగుల చిత్రాలు చూపించాను. మందు లేని మహమ్మారి అని గట్టిగా చెప్పాను. తరువాత ఒక అట్టపెట్టె పెట్టి, పేరు రాయకుండా ప్రశ్నలు వేయమన్నాను. చీటీలు ఒక్కొక్కటే తీసి చదివాను. దోమ కుట్టితే వస్తుందా? క్షౌరశాలలో బ్లేడు వల్ల వస్తుందా? జాతరలో పచ్చబొట్టు పొడిపించుకున్నాను, నాకు వస్తుందా? చూడటానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఉండదు కదా? ఒక్కొక్కదానికి జవాబు చెబుతూ పోయాను.

చివరి చీటీలో ఇలా ఉంది: "మా అమ్మకు ఆ జబ్బు ఉంది. అమ్మ కలిపిన అన్నం తినవచ్చా? అమ్మ ఎన్నాళ్లు బతుకుతుంది?"

మొదటి ప్రశ్నను మాత్రమే పైకి చదివాను. "తినవచ్చు, ఏమీ కాదు" అన్నాను. రెండో ప్రశ్నను చదవలేదు. గంట కొట్టారు. చీటీ జేబులో వేసుకుని వచ్చేశాను.

ఇందులో నా అపరాధం ఏమిటో గ్రహించారా? 2001లోనే సిప్లా సంస్థ అధిపతి యూసుఫ్ హమీద్ మూడు మందుల చికిత్సను ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామని ప్రకటించారు. అంతవరకు దాని వెల పది వేల డాలర్ల పైమాట. 2004 ఏప్రిల్ 1 నుంచి మన రాష్ట్రంతో సహా, వ్యాధి అధికంగా ఉన్న రాష్ట్రాలలో ప్రభుత్వమే ఈ ఏఆర్‌టీ మందులను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. అంటే ఆ రోజున ఆ బిడ్డకు చెప్పదగిన శుభవార్త ఒకటి ఉంది. కాని నేను పదేళ్ల కిందటి ఉపన్యాసాన్నే అప్పజెప్పాను. తల్లి చావు గురించి బిడ్డకు పాఠం చెప్పి వచ్చాను.

తెలిసిన పేరు, తెలియని విషయం

ఇది నా ఒక్కడి పొరపాటే అయితే ఇంత రాయనవసరం లేదు. 2005-06 సర్వేలో దేశంలోని 15-49 ఏళ్ల స్త్రీలలో సుమారు 61 శాతం, పురుషులలో 84 శాతం ఎయిడ్స్ పేరు విన్నామన్నారు. కాని నివారణ మార్గాలు తెలిసి, ఆరోగ్యంగా కనబడేవారికీ హెచ్‌ఐవీ ఉండవచ్చునని గ్రహించి, దోమకాటు, కలిసి భోజనం వంటి అపోహలను తిరస్కరించినవారు, అనగా సమగ్ర అవగాహన ఉన్నవారు, స్త్రీలలో 17 శాతం, పురుషులలో 33 శాతం మాత్రమే. మళ్లీ 2019-21 సర్వే చూడండి: స్త్రీలలో దాదాపు 22 శాతం, పురుషులలో 31 శాతం. పదిహేనేళ్లలో చేతికి సెల్‌ఫోన్ వచ్చింది, ఇంటర్నెట్ వచ్చింది. అవగాహన మాత్రం దాదాపు ఉన్నచోటనే ఉంది. పైగా మందులు వచ్చి మరణాలు తగ్గాక, హోర్డింగులు కూడా మాయమయ్యాయి. నేటి పదహారేళ్లవారికి పులిరాజా ప్రశ్న కూడా తెలియదు.

కనుక మీ ఇంట్లోని పిల్లలకు ఈ కింది విషయాలను తేటగా చెప్పండి.

హెచ్‌ఐవీ సోకే దారులు నాలుగే: రక్షణ లేని లైంగిక సంబంధం, పరీక్షించని రక్తం, ఒకరు వాడిన సూదిని మరొకరు వాడడం, చికిత్స పొందని తల్లి నుంచి బిడ్డకు సంక్రమించడం. కండోమ్ సరిగా, ప్రతిసారీ వాడితే మొదటి దారి చాలావరకు మూసుకుపోతుంది. పచ్చబొట్టుకైనా, ఇంజెక్షన్‌కైనా కొత్త సూదినే వాడమని అడగడం మీ హక్కు.

దోమ వల్ల రాదు. దోమ కుట్టినప్పుడు మన ఒంట్లోకి ఎక్కించేది తన లాలాజలాన్ని, ఇంతకు ముందు తాగిన రక్తాన్ని కాదు. ఈ వైరస్ దోమ కడుపులో పెరగలేదు, జీర్ణమైపోతుంది. మరొక సాక్ష్యం మన డెల్టాయే. ఇక్కడి దోమలు పసిపిల్లలను, ముసలివారిని వదిలిపెడతాయా? దోమతో వచ్చేదైతే ఇంటిల్లిపాదికీ ఎప్పుడో వచ్చి ఉండేది.

మనిషిని చూసి చెప్పలేము. సోకిన తరువాత ఏళ్ల తరబడి ఏ లక్షణమూ లేకుండా ఉండవచ్చు. రక్తపరీక్ష ఒక్కటే ఆధారం. సోకిన తొలి వారాల్లో పరీక్షలోనూ బయటపడకపోవచ్చు గనుక, వైద్యుడు చెప్పిన గడువుకు మళ్లీ చేయించుకోవాలి.

ప్రమాదం జరిగిందని అనుమానం వస్తే, అది అత్యాచారమైనా, సూది గుచ్చుకోవడమైనా, 72 గంటల లోపు ప్రభుత్వ ఆసుపత్రికి చేరాలి. 28 రోజుల నివారణ మందులు ఉన్నాయి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. సిగ్గుతో పోగొట్టుకునే ప్రతి గంటా విలువైనదే.

చికిత్స ఉంది, ఉచితం. 2017 నుంచి, హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలిన ప్రతివారికీ సీడీ4 కణాల లెక్కతో నిమిత్తం లేకుండా మందులు ఇస్తున్నారు. క్రమం తప్పకుండా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తగ్గినవారి నుంచి లైంగిక సంబంధం ద్వారా మరొకరికి సోకదు. ఏ చికిత్సా లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం, చికిత్సతో అది 5 శాతం కన్నా తక్కువకు దిగుతుంది.

చట్టం కూడా తోడుంది. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమలులోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం బడిలో, ఉద్యోగంలో, ఆసుపత్రిలో వివక్ష చూపడం నిషిద్ధం. అంగీకారం లేకుండా పరీక్ష చేయరాదు, ఫలితాన్ని వెల్లడించరాదు. తల్లిదండ్రులు లేని ఇళ్లలో 12 నుంచి 18 ఏళ్ల లోపు అన్నో అక్కో తగిన పరిణతి ఉంటే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ బడిలో చేరిక, చికిత్స వంటి విషయాలలో సంరక్షకులుగా నిలిచే అవకాశాన్ని ఈ చట్టం కల్పించింది. ఆ వాక్యం వెనుక ఎన్ని అనాథ గృహాలున్నాయో ఊహించండి. సందేహం ఏదైనా 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి అడగవచ్చు.

చీటీకి జవాబు

ఆ చీటీ ఎవరు రాశారో నాకు నేటికీ తెలియదు. ఆ బిడ్డకు ఇప్పుడు ముప్పై అయిదేళ్లు ఉంటాయి. ఈ వ్యాసం వారి కంటపడుతుందన్న ఆశ నాకు లేదు. అయినా ఆ రోజు చెప్పవలసిన జవాబును ఇప్పుడు రాస్తున్నాను.

"అమ్మ కలిపిన అన్నం నిర్భయంగా తిను. అమ్మ పక్కన పడుకో. అమ్మను ఏఆర్‌టీ కేంద్రానికి తీసుకువెళ్లమని ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పు. ఎవరూ లేకపోతే నా దగ్గరకు రా, నేను తీసుకువెళ్తాను. రోజూ మందు వేసుకుంటే అమ్మ చాలా ఏళ్లు బతుకుతుంది, నీ పెళ్లి కూడా చూస్తుంది."

ఇది చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. మీ ఇంట్లోనో, వీధిలోనో, మీరు పాఠం చెప్పే తరగతిలోనో అలాంటి చీటీ ఒకటి ఎవరి మనసులోనో మడిచి ఉండవచ్చు. గంట కొట్టారని లేచి వచ్చేయకండి.